కర్రతో సహా

మసికా వానలు పట్టుకున్న మూడో రోజుకి
గడప దాటి లోపలికొస్తాయి రోకలిబండలు.
మా క్వాలే కొండల్లో వీటిని జోంగూ అంటాం.
ఒక్కోటి జానెడు పైమాటే.
అమ్మ మొక్కజొన్న దంచే రోకలిని
కుదించి, నూనె రాసి, ఇక నడవమన్నట్టు ఉంటుంది.

తొందర లేదు దానికి.
కాళ్ళన్నీ ఒక్కసారే కదలవు.
తోక దగ్గర ఒక అల పుట్టి తల దాకా పాకుతుంది,
అది తీరం చేరకముందే వెనకాల ఇంకొకటి.
చెవి దగ్గర పెడితే
ఎండు కొబ్బరిమట్ట మీద తుంపర పడే చప్పుడు.
కళ్ళున్నాయన్న మాటే గానీ చూపు ఆనదు.
మీసాలతో నేలను తట్టి, ఆగి, మళ్ళీ తట్టి,
చీకట్లో అగ్గిపెట్టె వెతికే చేతిలా పోతుంది.

దాన్ని చీపురుతో ఊడ్చకూడదు.
బెదిరితే చుట్ట చుట్టుకుని
పక్కల నుంచి పసుప్పచ్చని రసం కారుస్తుంది.
పుల్ల అందిస్తే తనే ఎక్కుతుంది,
ఎక్కాక పుల్లతో సహా విసిరెయ్యాలి.
"జోంగూని పారేసేవాడు దాని కర్రనీ పారేస్తాడు."
మా అమ్మ మేజుమా
రోజుకోసారైనా ఈ సామెత అనేది,
నేను తిరిగొచ్చేదాకా.
ఆ తర్వాత ఆమె నోట వినలేదు.

కిలిందిని రేవులో క్రేను నడిపే మనిషి
నన్ను వద్దనుకున్న రోజే
న్యాంవులానూ వద్దనుకున్నాడు.
ఏడేళ్ళది. వానలో పుట్టింది గనక ఆ పేరు.

ఒకదాన్ని నూనె డబ్బాలో పెట్టి పెంచింది న్యాంవులా.
పచ్చి ఆకు వేస్తే ముట్టలేదు.
నల్లగా కుళ్ళిన జీడిమామిడి ఆకైతే
అంచు నుంచి గీకుతూ రాత్రంతా భోజనం.
తన పెంటికలే తాను తింటుంటే
నేను మొహం తిప్పుకున్నాను.
అమ్మ మాత్రం, "కరువు చూసిన పురుగు" అంది.
వీపు మీద ఆవగింజలో సగమంత జీవాలు అటూ ఇటూ పరిగెత్తేవి.
తుడవబోతే పిల్ల చెయ్యి పట్టుకుంది:
"వాళ్ళ ఇల్లమ్మా అది."

పిల్ల వేలికి అంటిన పసుపు
మర్నాటికి గోధుమరంగైంది.
సబ్బుకీ ఇసుకకీ లొంగలేదు.
సిరా దొంగిలించావా అని టీచరు అడిగితే
జోంగూ సంతకం పెట్టిందని చెప్పిందట.

జూన్‌లో డబ్బాలో మట్టే మిగిలింది.
వారం. రెండు వారాలు. మూడు.
చచ్చింది, పారబొయ్యమన్నాను.
న్యాంవులా డబ్బాకి అడ్డంగా కూర్చుని అన్నం తింది.

రాత్రి అది నిద్రపోయాక
పుల్లతో మెల్లగా తవ్వాను.
అడుగున చిన్న గది, గోడలు అలికినట్టు నున్నగా.
లోపల అది
పాలిపోయి, మెత్తగా, వెన్నపూసలా,
విడిచిన పాత చర్మాన్ని సగం తినేసి.
తలుపు కొట్టకుండా ఎవరి గదిలోకో వెళ్ళినట్టయింది.
మట్టి కప్పేశాను. చేతులు వణికాయి.

అడవి గార్డు మ్వాకొంబో టీ తాగుతూ చెప్పాడు.
గుడ్డులోంచి వచ్చేటప్పుడు మూడు జతల కాళ్ళేనట,
చర్మం విడిచినప్పుడల్లా
ఇంకొన్ని ఉంగరాలు, ఇంకొన్ని కాళ్ళు.
"మరి పాతది తినడం దేనికి?" అంది న్యాంవులా.
"అందులో సున్నం ఉంది పిల్లా.
సొంత సున్నం మట్టికెందుకు వదలాలి?"

ఆ ఇంటి నుంచి తెచ్చుకున్న కాంగాల మూట
అటక మీద ముడి విప్పకుండా ఉంది.
దించాను. ఒకటి చింపి బడిసంచి కుట్టాను.
రెండోది కిటికీకి.
మూడోది ఇంకా ఆలోచిస్తున్నాను.

జులైలో ఒక పొద్దున డబ్బాలో అల కదిలింది.
అమ్మే వెళ్ళి పుల్ల తెచ్చింది,
ఏమీ అనకుండా నా చేతికిచ్చింది.
జీడిమామిడి కింద ఆకుల మీద
పుల్లని ఆనించి వదిలాను.
అది చాలాసేపు దిగలేదు.
న్యాంవులా కాళ్ళు లెక్కపెడుతోంది.
నూట డెబ్బై దగ్గర వాన అందుకుంది,
లెక్క తప్పింది,
మళ్ళీ ఒకటి నుంచి.